ఇంటికి కాపలా కెమెరా.. కెమెరాకు కాపలా ఎవరు?

భీమవరం: ఇక్కడ అర్ధరాత్రి పన్నెండు గంటలు. వేసవి కాలమానం ప్రకారం అమెరికాలోని డాలస్‌లో మధ్యాహ్నం ఒంటిగంటన్నర. భోజన విరామంలో ఉన్న కుమారుడు స్వస్థలంలోని ఇంటి వాకిలి ఒకసారి చూద్దామని ఫోన్‌ తెరుస్తాడు. తెరపై ఒకే మాట కనిపిస్తుంది- ‘ఆఫ్‌లైన్‌’. తల్లిదండ్రులకు ఫోన్‌ చేద్దామంటే నిద్రలో ఉంటారు. చేయకుండా ఊరుకుందామంటే మనసు ఒప్పుకోదు. పిల్లలు విదేశాల్లో, పెద్దలు సొంత ఊళ్లో ఉంటున్న గోదావరి జిల్లాల కుటుంబాలకు ఈ సంకటం సుపరిచితమే. ధైర్యం కోసం బిగించుకున్న కెమెరా కొత్త దిగులుకు కారణమవుతోంది.

ఇలాంటి సందర్భాల్లో నింద తొలుత కెమెరాపైనే పడుతుంది. నాసిరకం సరుకు అంటగట్టారని దుకాణదారుతో వాదన, ఆపై మరింత ఖరీదైన మరో కెమెరా కొనుగోలు పరిపాటిగా మారాయి. కొత్తదీ వారం తిరగకుండానే అదే దారి పడుతుంది. అదే గోడకు, అదే తీగకు, అదే రౌటర్‌ దూరానికి కెమెరాను మార్చినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. వైఫై కెమెరా తరచూ తెగిపోవడానికి కారణం కెమెరా లోపల కంటే దాని చుట్టూ ఉండే అవకాశమే ఎక్కువ.

ఎక్కడ తెగింది?

కెమెరా దృశ్యం ఫోన్‌కు చేరాలంటే నాలుగు అంచెలు దాటాలి. కెమెరాకు నిలకడైన విద్యుత్తు అందాలి. కెమెరా నుంచి రౌటర్‌కు వైఫై సంకేతం చేరాలి. రౌటర్‌ నుంచి ఇంటర్నెట్‌ లైను సజావుగా ఉండాలి. చివరిగా కెమెరా తయారీ సంస్థ సర్వర్‌ పని చేయాలి. వీటిలో ఏది తెగినా ఫోన్‌లో కనిపించేది అదే ఆఫ్‌లైన్‌. ఇంట్లో ఉన్న పెద్దలు రెండు మూడు విషయాలు చూసి చెప్పగలిగితే లోపం ఏ అంచెలో ఉందో దూరాన ఉన్నవారు పసిగట్టవచ్చు.

ముందుగా రౌటర్‌ దీపాలు చూడాలి. ఫైబర్‌ కనెక్షన్‌ పెట్టెపై ‘ఎల్‌ఓఎస్‌’ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలుగుతున్నా, మిణుకుమంటున్నా బయటి నుంచి కాంతి సంకేతం రావడం లేదని అర్థం. జిల్లాలో చాలాచోట్ల ఫైబర్‌ తీగలు విద్యుత్తు స్తంభాల మీదుగానే ఇళ్లకు చేరుతున్నాయి. చెట్ల కొమ్మలు నరికినా, ఎత్తుగా గడ్డి వేసుకున్న ట్రాక్టర్‌ వీధిలోకి వచ్చినా అవి తెగే ప్రమాదం ఉంది. అప్పుడు కెమెరాను ఎంత సరిచేసినా ప్రయోజనం శూన్యం. కేబుల్‌ ఆపరేటర్‌ను పిలవడమొక్కటే మార్గం. ఎర్రదీపం లేకపోతే ఫోన్‌లో మొబైల్‌ డేటా ఆపేసి, ఇంటి వైఫైతో యూట్యూబ్‌ తెరిచి చూడాలి. అది ఆడితే లైను బాగున్నట్లే. ఇంట్లో రెండు మూడు కెమెరాలుంటే మరో ఆనవాలు దొరుకుతుంది. అన్నీ ఒకేసారి పోతే లోపం రౌటర్‌లోనో లైనులోనో ఉంటుంది. ఒక్కటే పోతే ఆ కెమెరా విద్యుత్తునూ, దానికి అందుతున్న సంకేతాన్నీ అనుమానించాలి. అన్నీ సక్రమంగా ఉండి కూడా దృశ్యం రాకుంటే సంస్థ సర్వర్‌ మొరాయించినట్లు భావించవచ్చు. కొంతసేపు వేచి చూడటం మినహా వినియోగదారుడు చేయగలిగింది లేదు.

పగలు బాగుండి.. రాత్రి పోతే..

‘పగలంతా చక్కగా కనిపిస్తుంది, చీకటి పడితేనే పోతుంది’ అన్నది తరచుగా వినిపించే ఫిర్యాదు. దొంగ భయం ఉన్న వేళకే కెమెరా పడుకోవడం కాకతాళీయం కాకపోవచ్చు. చీకటిలో చూడటానికి కెమెరా చుట్టూ ఉండే పరారుణ దీపాలు వెలుగుతాయి. ఆ క్షణం నుంచి కెమెరా వాడుకునే విద్యుత్తు పెరుగుతుంది. అడాప్టర్‌ బలహీనమైనదైతే ఓల్టేజీ పడిపోయి కెమెరా ఆగి, మళ్లీ మొదలవుతుంది. మొదలయ్యాక దీపాలు వెలగగానే మళ్లీ ఆగుతుంది. తెల్లవార్లూ ఇదే తంతు. ఉదయం వెలుగు రాగానే దీపాలు ఆరి కెమెరా బుద్ధిగా పని చేస్తుంది. పగటిపూట వచ్చిన మెకానిక్‌కు తప్పు కనిపించకపోవడంలో వింత లేదు.

కెమెరాతో వచ్చిన అడాప్టర్‌ తీగ పొట్టిగా ఉందని, పోర్టికో స్తంభం వరకు అందడం లేదని సన్నటి పొడవాటి యూఎస్‌బీ తీగ అతికించడం మరో పొరపాటు. రానూపోనూ తీగ నిరోధం ఒక ఓమ్‌ ఉండి, అందులో ఒక ఆంపియర్‌ ప్రవహిస్తే ఒక ఓల్ట్‌ తీగలోనే హరించుకుపోతుంది. 5 ఓల్ట్‌లతో బయల్దేరిన విద్యుత్తు కెమెరాను చేరేసరికి నాలుగే అవుతుంది. పాత ఫోన్‌ ఛార్జర్‌ తగిలించేవారూ లేకపోలేదు. కెమెరాపై రాసి ఉన్న ఓల్ట్‌లు, ఆంపియర్లకు సరిపోయే అడాప్టర్‌ వాడాలి. దాన్ని కెమెరాకు దగ్గరగా, వాన తగలని పెట్టెలో ఉంచి, 230 ఓల్ట్‌ల లైనును ఎలక్ట్రీషియన్‌ చేత అక్కడి దాకా లాగించుకోవడం మేలు. నరసాపురం, మొగల్తూరు వంటి తీర మండలాల్లో ఉప్పుగాలి ధాటికి పిన్ను కలిసేచోట పచ్చని తుప్పు పేరుకుంటుంది. కెమెరాకు ఏమీ కాకపోయినా ఆ అతుకు చాలు, కన్ను మూయించడానికి.

కరెంటు కోతది మరో కథ. సరఫరా తిరిగొచ్చాక కెమెరా నిమిషంలోపే లేచి రౌటర్‌ కోసం వెతుకుతుంది. రౌటర్‌ పూర్తిగా తేరుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. కొన్ని చౌక కెమెరాలు ఈలోపే వెతికి వేసారి ఊరుకుంటాయి. ఎవరో ఒకరు ప్లగ్‌ పీకి మళ్లీ పెడితే తప్ప కలవవు. ఇంట్లో ఇన్వర్టర్‌ ఉందిగా అన్న భరోసా కూడా అన్నివేళలా నిలవదు. ఫ్యాన్లకు, లైట్లకు ఇచ్చిన ఇన్వర్టర్‌ లైను టీవీ పక్కనున్న రౌటర్‌ సాకెట్‌కు గానీ, పోర్టికోకు గానీ ఇచ్చి ఉండరు. ఇచ్చినా ఇన్వర్టర్‌ వెనక మీట సాధారణ పద్ధతిలో ఉంటే, మెయిన్స్‌ నుంచి బ్యాటరీకి మారే క్షణికమైన విరామానికే రౌటర్‌ ఆగి మొదలయ్యే అవకాశం ఉంది. ‘యూపీఎస్‌’ పద్ధతికి మారిస్తే ఆ విరామం బాగా తగ్గుతుంది. ఇన్వర్టర్‌ లేనివారికి రౌటర్‌ కోసమే చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. చాలా ఫైబర్‌ రౌటర్లు 12 ఓల్ట్‌లతో నడిచేవి కనుక అరచేతిలో ఇమిడే బ్యాటరీ పెట్టె వాటికి సరిపోతుంది. రౌటర్‌ రేటింగ్‌ చూసి తీసుకోవడం ముఖ్యం. కెమెరాకూ అలాంటి ఆధారమే కల్పిస్తే కోత సమయంలోనూ కాపలా ఆగదు. కోత వేళల్లో మొద్దునిద్ర పోయే కెమెరా ఉన్నా లేనట్లే.

గోడ దాటని సంకేతం

ఇళ్లలో వాడే చౌక రకం కెమెరాల్లో అధిక భాగం 2.4 గిగాహెర్ట్జ్‌ వైఫైతో మాత్రమే పని చేస్తాయి. 5 గిగాహెర్ట్జ్‌తో పోలిస్తే ఇది నెమ్మదైనదే అయినా గోడలను దాటగలిగే సత్తా ఎక్కువ. ఆ సత్తాకూ హద్దుంది. పాత మండువా లోగిళ్ల మందపాటి గోడలు, కొత్త ఇళ్ల కాంక్రీటులోని ఇనుప ఊచలు, వరండా గ్రిల్లు, ఇనుప బీరువా, నిలువుటద్దం, నీళ్ల ట్యాంకు ప్రతిదీ సంకేతాన్ని కొంత మింగుతాయి లేదా దారి మళ్లిస్తాయి. కేబుల్‌ ఆపరేటర్‌ మనిషి తీగ ఎక్కడ ఇంట్లోకి వస్తే అక్కడే రౌటర్‌ పెట్టి వెళ్తాడు. అది సాధారణంగా హాల్లో టీవీ వెనక, నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. కెమెరా మాత్రం గేటు స్తంభం మీద ఉంటుంది. రెండింటి మధ్య రెండు గోడలు, ఒక గ్రిల్లు ఉంటే అద్దెకు తెచ్చిన అల్లావుద్దీన్‌ దీపం కూడా వాటిని కలపలేదు.

సంకేత బలాన్ని డీబీఎంలలో చూపే ఉచిత యాప్‌లు ఫోన్లలో లభిస్తున్నాయి. కెమెరా బిగించే చోట ఫోన్‌ పట్టుకుని చూస్తే అంకె మైనస్‌లో కనిపిస్తుంది. మైనస్‌ 50 దగ్గర ఉంటే ఢోకా లేదు. మైనస్‌ 67 వరకు దృశ్యం సాఫీగా సాగుతుంది. మైనస్‌ 75 దాటితే తెగడం మొదలవుతుంది. ఈ అంకెల్లో తేడా చిన్నదిగా కనిపించినా పది తగ్గితే అందే శక్తి పదో వంతుకు పడిపోయినట్లు. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఫోన్‌లో కనిపించే గీతలు రౌటర్‌ మాట ఫోన్‌కు ఎంత బాగా వినిపిస్తోందో చెబుతాయి. కెమెరా పని అందుకు విరుద్ధం, అది మాట్లాడాలి, రౌటర్‌ వినాలి. కెమెరా యాంటెన్నా చిన్నది, గొంతు సన్ననిది. అందువల్ల ‘ఇక్కడ ఫోన్‌కు ఫుల్‌ సిగ్నల్‌ వస్తోంది, కెమెరాకు ఎందుకు రాదు’ అన్న వాదన అన్నిసార్లూ నిలవదు. కొన్ని కెమెరా యాప్‌లలో కెమెరాయే స్వయంగా నమోదు చేసిన సంకేత బలం కనిపిస్తుంది. నమ్మదగింది అదే.

పరిష్కారాల్లో ఖర్చు లేనిది రౌటర్‌ స్థానం మార్చడం. టీవీ వెనక నుంచి తీసి, ముందు గదిలో ఛాతీ ఎత్తుకు పైగా, వీధి వైపు గోడకు పెట్టిస్తే చాలా ఇళ్లలో సమస్య అక్కడితో తీరవచ్చు. ఫైబర్‌ తీగ కొన్ని అడుగులు పొడిగించమని ఆపరేటర్‌ను అడగడానికి మొహమాటపడి మూడు వేల రూపాయల కెమెరా మార్చేవారిని ఏమనాలి? సంకేతాన్ని పొడిగించే రిపీటర్లు కొనేవారు దాన్ని కెమెరా పక్కనే పెట్టడం మరో తప్పిదం. అక్కడికి చేరేదే బలహీన సంకేతమైతే రిపీటర్‌ తిరిగి పంచేది కూడా అదే. రౌటర్‌కు, కెమెరాకు నడిమధ్యన, సంకేతం ఇంకా బలంగా ఉన్నచోట దాన్ని ఉంచాలి. వీలైతే రౌటర్‌ నుంచి ముందు గది దాకా నెట్‌వర్క్‌ తీగ లాగి, అక్కడ రెండో వైఫై పెట్టె బిగించడం రిపీటర్‌ కంటే నమ్మకమైనది.

రౌటర్‌ లోపలి సర్దుబాట్లు

రౌటర్‌ సెట్టింగుల్లో చూడదగ్గవి కొన్నే. నేటి రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్‌ రెండింటినీ ఒకే పేరుతో ప్రసారం చేసి, ఎవరు దేనికి తగలాలో తామే నిర్ణయిస్తుంటాయి. కెమెరా కలపడంలో ఇబ్బంది ఎదురైతే రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టి కెమెరాను 2.4కు కలపాలి. అపార్టుమెంట్లలో ఇరుగుపొరుగు రౌటర్లన్నీ ఒకే ఛానెల్‌పై మాట్లాడుకుంటే సంత గోలలో సంభాషణలా ఉంటుంది. సాయంత్రం అందరూ సినిమాలు, సీరియళ్లు పెట్టుకునే వేళకు ఆ గోల తారస్థాయికి చేరుతుంది. 2.4లో ఒకదానిపై ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11. వాటిలో రద్దీ తక్కువగా ఉన్న ఒకదాన్ని ఎంచుకుని, వెడల్పును 20 మెగాహెర్ట్జ్‌కు స్థిరపరిస్తే రౌటర్‌ తనంతట తాను ఛానెల్‌ మార్చినప్పుడల్లా కెమెరా తప్పిపోయే బెడద ఉండదు. పాత కెమెరాలకు డబ్ల్యూపీఏ3 భద్రత అర్థం కాదు, వాటి కోసం డబ్ల్యూపీఏ2 కూడా అనుమతించాలి. రౌటర్‌ ఆగి మొదలైన ప్రతిసారీ కెమెరాకు కొత్త అంతర్గత చిరునామా ఇవ్వకుండా ఒకటే శాశ్వతంగా కేటాయించే సదుపాయమూ ఉంటుంది. ముఖ్యంగా రికార్డర్‌ పెట్టె వాడేవారికి ఇది తప్పనిసరి. ఇవన్నీ అరగంట పని. ఆపరేటర్‌ రౌటర్‌ పాస్‌వర్డ్‌ ఇవ్వకపోతే మాత్రం నెల పని.

ఆర్నెల్లు తాళం

అసలు పరీక్ష ఇంట్లో మనుషులు లేనప్పుడు ఎదురవుతుంది. సందర్శకుల వీసాపై అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు సాధారణంగా ఆరు నెలల వరకు ఉండేందుకు అనుమతి లభిస్తుంది. పురుడు పోయడానికో, మనవల్ని చూసుకోవడానికో వెళ్లినవారు ఆ గడువంతా ఉండి రావడం రివాజు. అన్ని నెలలు రౌటర్‌ ప్లగ్‌ పీకి పెట్టే మనిషి ఇంట్లో ఉండడు. ఈ సందర్భంలో కెమెరాలు ఆగడానికి సాంకేతిక లోపాల కంటే విచిత్రమైన కారణాలుంటాయి. ఊరెళ్లేటప్పుడు గ్యాస్‌, కరెంటు మెయిన్‌ కట్టేయడం పెద్దల తరం క్రమశిక్షణ. కారెక్కే ముందు గృహ యజమాని అలవాటు కొద్దీ మెయిన్‌ కట్టేస్తే, వేలు పోసి పెట్టించిన కెమెరాలు విమానం ఎక్కకముందే కన్ను మూస్తాయి. రెండోది ఇంటర్నెట్‌ రీఛార్జి. నెలనెలా ఆపరేటర్‌ కుర్రాడు వచ్చి డబ్బులు తీసుకెళ్లే ఇంటికి తాళం పడితే గడువు ముగిసిన రోజే లైను నిలిచిపోతుంది. మూడోది పిడుగులు. ఉరుముల కాలంలో రౌటర్‌ కాలిపోతే ఆర్నెల్లూ చీకటే.

ప్రయాణానికి ముందే ఆరు నెలల ప్లాన్‌ కట్టడం, కెమెరా, రౌటర్లకు మెయిన్‌ బోర్డులో విడిగా ఒక ఎంసీబీ పెట్టించి మిగిలినవి మాత్రమే కట్టేయడం, ఆ లైనుకు సర్జ్‌ రక్షణ ఏర్పాటు చేసుకోవడం శ్రేయస్కరం. మొండికేసిన రౌటర్‌కు మందు రోజుకొకసారి ఆపి పెట్టడమే కనుక, తెల్లవారుజామున అయిదు నిమిషాలు విద్యుత్తు ఆపి మళ్లీ ఇచ్చే టైమర్‌ ప్లగ్‌ను వాడవచ్చు. వైఫైతో పని చేసే స్మార్ట్‌ ప్లగ్‌ ఇందుకు తగదు. వైఫై లేని సమయంలోనే దాని అవసరం కాబట్టి మామూలు టైమరే నయం. పక్కింటి వారికి ఒక తాళంచెవి ఇచ్చి వెళ్లడం అన్నిటికన్నా పాత ఉపాయం. ఇప్పటికీ దాన్ని మించింది రాలేదు. ఊరు వెళ్లేవారి ఇళ్లపై నిఘా కోసం ఆంధ్రప్రదేశ్‌ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్‌ పేరిట తాళం వేసిన ఇళ్ల పర్యవేక్షణ విధానాన్ని తెచ్చారు. ఇంటి యజమాని సమాచారమిస్తే కెమెరా అమర్చి, కదలికలుంటే కంట్రోల్‌ రూముకు హెచ్చరిక అందేలా దాన్ని రూపొందించారు. ప్రయాణ సమాచారాన్ని స్థానిక ఠాణాలో చెప్పి వెళ్లడానికి కెమెరా అవసరమూ లేదు.

దృశ్యం ఎక్కడ దాగింది?

చోరీ జరిగిన ఇంటికి వచ్చే పోలీసులు తొలుత అడిగే వాటిలో ఫుటేజీ ఒకటి. అప్పుడు బయటపడుతుంది అసలు డొల్లతనం. మెమరీ కార్డు వేయకుండా ప్రత్యక్ష దృశ్యం కోసమే వాడుతున్న కెమెరాలో నిన్నటి దృశ్యం ఉండదు. క్లౌడ్‌పై మాత్రమే ఆధారపడితే వైఫై పోయిన వేళ ఏమీ నమోదు కాదు. కెమెరాలోనే కార్డు ఉంటే సంకేతం తెగినా విద్యుత్తు ఉన్నంతసేపు రికార్డింగు సాగుతుంది. ఒక ఎంబీపీఎస్‌ వేగంతో నిరంతరం రికార్డు చేస్తే రోజుకు సుమారు 11 జీబీ అవుతుంది. 64 జీబీ కార్డులో అయిదారు రోజుల దృశ్యాలు నిల్వ ఉంటాయి. నాణ్యత పెంచి రెండు ఎంబీపీఎస్‌ చేస్తే మూడు రోజులకు లోపే. తర్వాత పాతవి చెరిగి కొత్తవి చేరతాయి. వారం తర్వాత దొంగతనం తెలుసుకున్న ఇంటికి ఆ కార్డు అక్కరకు రాదు. అందుకే పెద్ద కార్డు, అదీ నిరంతర రికార్డింగుకు తట్టుకునే రకం తీసుకోవాలి. జనం గుమిగూడే సంస్థల్లో కెమెరాలు తప్పనిసరి చేస్తూ 2013లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ప్రజా భద్రత చట్టం దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలని నిర్దేశించింది. ఇళ్లకు ఆ నిబంధన లేదు గానీ ఎన్ని రోజులు దాచాలో లెక్కేసుకోవడానికి అది మంచి కొలమానం. రికార్డర్‌ పెట్టెనే దొంగలు ఎత్తుకుపోయిన ఉదంతాలూ లేకపోలేదు కాబట్టి దాన్ని టీవీ కింద ప్రదర్శనకు పెట్టకపోవడం మంచిది.

వాకిలి, పెరటి తలుపు వంటి కీలకమైన చోట్ల వైఫైని నమ్ముకోవడమే సరికాదన్నది ఇన్ని ఇబ్బందుల నుంచి తేలే విషయం. వైఫై సంకేతాన్ని ఉద్దేశపూర్వకంగా చెడగొట్టడం సాధ్యమే. ప్రభుత్వ అనుమతి లేకుండా జామర్లు వాడటం మన దేశంలో చట్టవిరుద్ధమైనా, దొంగ చట్టాన్ని చూసి ఆగుతాడని ఎవరూ అనుకోరు. నెట్‌వర్క్‌ తీగతో నడిచే కెమెరాకు ఆ బెడద లేదు. ఒకే తీగ గుండా విద్యుత్తు, దృశ్యం రెండూ 100 మీటర్ల దూరం వరకు పంపే పీఓఈ విధానంలో అడాప్టర్‌ గొడవా ఉండదు, గోడల లెక్కా ఉండదు. కొత్తగా ఇల్లు కట్టేవారు ప్లాస్టరింగ్‌కు ముందే గోడల్లో ఆ పైపులు వేయించుకుంటే అదనపు ఖర్చు నామమాత్రమే. కట్టేసిన ఇళ్లలో కనీసం ప్రధాన ద్వారం వద్ద ఒక్క కెమెరానైనా తీగతో నడిపి, మిగిలినవి వైఫైపై ఉంచవచ్చు. కొనేటప్పుడు మెగాపిక్సెళ్లు మాత్రమే చూడకుండా భద్రతా ప్రమాణాలూ అడగాలి. సీసీటీవీ కెమెరాలకు కేంద్రం 2024లో నోటిఫై చేసిన తప్పనిసరి భద్రతా పరీక్షల నిబంధనలు 2025 ఏప్రిల్‌ నుంచి అమల్లోకి వచ్చాయి. ఊరూ పేరూ లేని చౌక కెమెరాలను, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ మార్చకుండా వాడితే ఏమవుతుందో 2016లో మిరాయ్‌ అనే కంప్యూటర్‌ పురుగు ప్రపంచానికి చూపింది. లక్షల కొద్దీ కెమెరాలు, రౌటర్లు యజమానులకు తెలియకుండానే దాని ఆధీనంలోకి వెళ్లాయి.

బిగించినవారు వెళ్లిపోకముందే చేయించుకోవలసిన పరీక్ష ఒకటుంది. చీకటి పడ్డాక, కెమెరా పరారుణ దీపాలు వెలిగాక, ఇంటి మెయిన్‌ పది నిమిషాలు కట్టేసి తిరిగి వేయాలి. ఎవరూ రౌటర్‌ను గానీ, కెమెరాను గానీ ముట్టుకోకూడదు. విదేశంలోని కుమారుడో కుమార్తెో ఫోన్‌లో చూస్తుండాలి. అయిదారు నిమిషాల్లో వాకిలి తనంతట తాను తెరపైకి తిరిగి రావాలి. రాకుంటే మిగిలిన సొమ్ము చెల్లించకుండా మర్నాడు సాయంత్రం మళ్లీ రమ్మని చెప్పడంలో తప్పేమీ లేదు.